ఆదిమానవుని ఆనవాళ్లు కనుగొనిన రాబర్ట్ బ్రూస్ ఫుట్‌గారు

మానవుడు నాగలి పట్టి నేల దున్ని ధాన్యము పండించుటకు మొదలిడి కొలది వేల యేండ్లు మాత్రమే యైనది. అంతకు పూర్వము లక్షలకొలది సంవత్సరములు అతడు విత్తనము చల్లుట యెఱుగడు. పంట ఇల్లు చేర్చుట యెఱుగడు. అడవియే అతని గాదె; ఏటియొడ్డే అతని అంగడి. ఆ కాలపు జనులు ఏమి తినుచుండిరి? మృగములను ఎట్లు వేటాడుచుండిరి? ఏ పనిముట్టుతో కందమూలములు త్రవ్వుచుండిరి? ఈ ప్రశ్నలకు బదులు చెప్పుటకు వారు వ్రాసియుంచిన తాళపత్రము లేదు. చెక్కించిన శాసనము లేదు. వారు చేతబట్టి వాడి, పాఱవైచిన రాళ్లు మాత్రము మిగిలియున్నవి. మన దేశమున ఆ రాళ్ల సాక్ష్యమును మొట్టమొదట గుర్తించి, దానిని లోకము నమ్మునట్లు చేసినవారు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌గారు. వారి జీవితమును మన పాఠశాల బాలబాలికలకొఱకు సంగ్రహముగా వ్రాయబూనితిమి.

ఫుట్‌గారు 1834వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లాండునందలి చెల్టెన్‌హాం పట్టణమున జన్మించిరి. 1858లో భారత భూగర్భ పరిశీలన శాఖయందు ఉద్యోగము పొంది మద్రాసు రాజధానికి వచ్చిరి. ఈ శాఖ 1851లో థామస్ ఓల్డ్‌హాంగారి నాయకత్వమున ఏర్పడినది. భూమిలో ఏ శిల ఎచ్చట నున్నది, ఏ శిల మీద ఏ శిల పేరుకొనియున్నది, ఏ ఖనిజము ఎచ్చట దొరకును అను విషయములు పరిశీలించి పటములు గీయుట దాని పని. ఆ శాఖయొక్క దక్షిణప్రాంత ప్రధాన కార్యాలయము నేడు మన ఉప్పల్‌కు సమీపముననే బండ్లగూడయందున్నది. ఆ దారిని పోవునప్పుడు మన విద్యార్థులు ఫుట్‌గారిని జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును.

ఆ రోజులలో భూగర్భశాస్త్రజ్ఞుని ఉద్యోగము కుర్చీలో కూర్చుండి చేయునది కాదు. వానలు వెనుకబట్టినది మొదలు ఎండలు ముదురువఱకు గుడారములు వేసికొని, ఊరూర మకాములు మార్చుచు, కొండలెక్కి, వాగులు దిగి, సుత్తితో రాళ్లు పగులగొట్టి చూడవలెను. వానకాలమున కార్యాలయము చేరి, చూచినదానిని వ్రాయవలెను. ఫుట్‌గారు ఇట్టి పనిని ముప్పదిమూడేండ్లు చేసిరి. ఆదిమానవుని ఆనవాళ్లు వెదకుట ఆయన ఉద్యోగధర్మములలోనిది కాదు. ఖనిజములకొఱకు నేలను చూచు కన్నే మానవుని చేతిపనిని కూడ చూడనేర్చుకొనినది.

ఈ చూపు ఆయనకు ఎట్లు కలిగినదో తెలిసికొనవలెనన్న, అప్పుడు ఐరోపాఖండమున జరుగుచుండిన చర్చను కొంచెము చెప్పవలెను. ఫ్రాన్సు దేశమున సొమ్ అను నది గట్లలోని కంకర పొరలయందు సుంకపుటుద్యోగియైన బూషే ద పెర్త్ అను నాయన చెక్కిన రాళ్లను, అంతరించిన మృగముల ఎముకలతోకూడ కనుగొని, ఇవి అతి ప్రాచీన మానవులు చేసినవని అనేక సంవత్సరములు చెప్పుచు వచ్చెను. పండితులు చాలకాలము ఆయనను నమ్మలేదు. తుదకు 1859లో ఇంగ్లాండునుండి ప్రెస్ట్‌విచ్, ఈవాన్స్ అను విద్వాంసులు స్వయముగా పోయి, ఆ గుంటలను పరీక్షించి, ఆ మాట సత్యమని ప్రకటించిరి. ఈ వార్త మద్రాసులోనున్న ఫుట్‌గారికి చేరెను. అట్టి రాళ్లు ఇండియాలో మాత్రము ఎందుకు ఉండకూడదని ఆయన తలచిరి. తలచి ఊరకుండక, నడచిన ప్రతి కంకరనేలను పరికించి చూడసాగిరి.

1863వ సంవత్సరము మే నెల 30వ తేదీన ఆ చూపు ఫలించినది. మద్రాసునకు సమీపమున పల్లావరమను దండు ప్రదేశము కలదు. అచ్చటి కవాతు మైదానమునొద్ద కంకరకొఱకు త్రవ్విన ఒక గుంట యుండెను. అందులోనుండి తీసి పోసిన కంకరలో ఫుట్‌గారికి ఒక రాయి కనబడెను. అది నీటి ఒరపిడిచే నునుపైన గులకరాయి వంటిది కాదు. దాని ముఖములపై పెచ్చులు లేచిన గుంటలు ఒక క్రమమున నుండెను. దానిని మానవుడు బుద్ధిపూర్వకముగా చెక్కెనని ఆయన గ్రహించిరి. భారతదేశమున ప్రాచీన శిలాయుగపు పనిముట్టుగా గుర్తింపబడిన మొదటి రాయి అదియే. గుంట త్రవ్వినవారు దానిని చూచిరి. బండ్లలో నెత్తినవారు దానిని తాకిరి. రాయి అందఱి కన్నుల ఎదుటనే యున్నది. దానిని గూర్చి ప్రశ్న వేసికొనిన వాని చేతికే అది చిక్కినది.

ఒక్క రాయిని చూపిన లోకము నమ్మదు. అది యాదృచ్ఛికముగా పగిలినదని ఎవరైన అనవచ్చును. ఈ సంగతి ఫుట్‌గారికి తెలియును. అందుచేత మఱిన్ని నిదర్శనములకై వెదకి, అదే సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన తమ సహోద్యోగియైన విలియం కింగ్‌గారితో కలిసి, మద్రాసునకు వాయవ్యముగా కొర్తలైయారు నదీ ప్రాంతమున అత్తిరంపాక్కము అను గ్రామమునొద్ద వాగు కోసిన నేలయందు అనేకములైన రాతిపనిముట్లను కనుగొనిరి. ఇచ్చట కొన్ని పనిముట్లు పైన పడియుండుట మాత్రమే కాదు, మట్టిపొరల నడుమ నాటుకొనియుండెను. కావున అవి ఆ పొరయంత ప్రాచీనమైనవని చెప్పుటకు ఆధారము చిక్కినది. ఈ సంగతులను ఆయన 1866లో మద్రాసు పత్రికయందు పటములతోకూడ ప్రకటించిరి. 1868లో ఇంగ్లాండునందలి నార్విచ్ పట్టణమున జరిగిన ప్రాగితిహాస మహాసభకు ఈ విషయమును తెలిపిరి. నాటినుండి మన దక్షిణాపథము మానవజాతి ప్రాచీన నివాసములలో నొకటియని విద్వాంసులు అంగీకరించిరి.

ఆ పనిముట్లు ఎంత పాతవో లెక్కించుటకు ఫుట్‌గారి కాలమున సాధనములు లేవు. మన కాలమున శాస్త్రజ్ఞులు అత్తిరంపాక్కమునే మరల త్రవ్వి, ఆకాశమునుండి వచ్చు సూక్ష్మకిరణములు రాతిలో కలిగించిన మార్పులను కొలిచి, అచ్చటి చేతిగొడ్డళ్లు సుమారు 15 లక్షల సంవత్సరములనాటివని 2011లో ప్రకటించిరి. అచ్చటనే అంతకన్న నేర్పుగా పెచ్చులు తీయు పద్ధతి సుమారు 3,85,000 సంవత్సరముల క్రిందట మొదలైనదని 2018లో తేలినది. ఒక్క గుంటలో ఒక రాజవంశపు చరిత్ర దొరకుటయే అరుదు. ఇచ్చట మానవజాతి బాల్యమే దొరకినది.

ఈ రాళ్లనుండి వేటను గూర్చి ఏమి తెలియును? మొదట రాతిని గూర్చి ఆలోచింతము. మన నాచారము, ఉప్పల్, మౌలాలి ప్రాంతములయందున్నది గ్రానైటు. అది గుట్టలుగా నిలుచుటకును, గోడలు కట్టుటకును మంచిది. కాని అది ముతక రవ్వ గలది. దెబ్బ కొట్టిన పొడిగా రాలునే గాని కత్తివంటి పెచ్చు ఊడిరాదు. గ్రానైటు నడుమ గీతవలె కనబడు తెల్లని పలుగురాయి కొంత మేలు. కడప, కర్నూలు ప్రాంతపు కొండలలో దొరకు క్వార్ట్జైటు అన్నిటికన్న మేలు. ఇది ఇసుకరాయి భూగర్భపు వేడిమికిని ఒత్తిడికిని గట్టిపడి యేర్పడినది. దానిని మఱియొక రాతితో సరియైన చోట, సరియైన వాలున కొట్టినయెడల పలుచని అంచుగల పెచ్చు లేచును. ప్రాచీన శిలాయుగపు జనులు ఈ రాతినే కోరి యెన్నుకొనిరనియు, అది దొరకు తావులయందే వారి పనిముట్లు విస్తారముగా నున్నవనియు ఫుట్‌గారు గమనించిరి. ఏ రాయి పనికివచ్చునో ఎఱుగుట, అది ఎచ్చట దొరకునో జ్ఞాపకముంచుకొనుట, దానిని ఎట్లు కొట్టవలెనో పిల్లలకు నేర్పుట, ఇవన్నియు విద్యయే. అక్షరము పుట్టకముందే గురువును శిష్యుడును పుట్టిరని మాకు తోచుచున్నది.

చేతిగొడ్డలి యనగా పిడి గల గొడ్డలి కాదు. అది బాదముపప్పు ఆకారమున, ఒకవైపు మొనదేలి, చుట్టును అంచుగల రాయి. పిడికిట బట్టి వాడునది. దానితో చంపిన మృగము తోలు ఒలువవచ్చును, కండలు కోయవచ్చును, ఎముక పగులగొట్టి మూలుగ తీయవచ్చును, కఱ్ఱను చెక్కి మొన చేయవచ్చును, నేల పెల్లగించి గడ్డలు తీయవచ్చును. విల్లు ఇంకను పుట్టలేదు. చెక్కిన కఱ్ఱయీటెయే ఆయుధము. ఒంటరిగా మహిషమునో, అడవిగుఱ్ఱమునో ఎదుర్కొనుట ఒక్కని వలన కాదు. అవి నీరు త్రాగవచ్చు త్రోవ కనిపెట్టి, పలువురు పొంచియుండి, బురదలోనికో ఇరుకు లోయలోనికో తరిమి పట్టవలెను. పులియో తోడేళ్లో చంపి విడిచిన మృగము దొరకిన దానిని కూడ విడిచిపెట్టరు. అందుచేత వేట మొదటినుండియు బలముకన్న ఓర్పు, కన్ను, ఒకరి మాట ఒకరు వినుట, దొరకినది పంచుకొనుట అను గుణములమీద ఆధారపడియుండెను. అత్తిరంపాక్కమున ఆ పనిముట్ల పొరలయందే మృగముల దంతములును, గిట్టల జాడలును దొరకుట ఈ ఊహకు అనుకూలముగా నున్నది.

ఫుట్‌గారి జీవితమున పెద్ద భాగము తెలుగు నేలమీద గడచినది. నెల్లూరు, కడప, కర్నూలు, అనంతపురము, బళ్లారి ప్రాంతములయందు ఆయన సంచరించి, రాతిపనిముట్లు పోగుచేసిరి. ఒంగోలు ప్రాంతమునుండి మచిలీపట్టణమువఱకు గల సముద్రతీరపు శిలాస్వరూపమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1880లో వెలువడెను. ధార్వాడ శిలావర్గమునకు ఆ నామమును ప్రసిద్ధికి తెచ్చినవారును ఆయనయే. బెళగాము జిల్లాలో గోకాక సమీపమున అంతరించిన ఖడ్గమృగజాతి ఎముకలను కనుగొని 1874లో ప్రకటించిరి. ఒకప్పుడు దక్కను మైదానములయందు ఖడ్గమృగములు తిరుగుటకు చాలిన నీరును పచ్చికయు నుండెనని దీనివలన తెలియుచున్నది.

ఆయన కుటుంబమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఆయన భార్య ఎలిజబెత్ ఆన్‌గారు పీటర్ పెర్సివల్‌గారి కుమార్తె. ఈ పెర్సివల్‌గారు యాఫ్నాయందు మిషనరీగా నుండి పాఠశాలలు నడిపి, బైబిలును తమిళమునకు అనువదించుటలో పాటుపడి, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులైన విద్వాంసులు. మామగారు దేశభాషలను శ్రద్ధతో నేర్చిరి. అల్లుడుగారు దేశపు నేలను శ్రద్ధతో చదివిరి. ఫుట్‌గారి కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్ సైన్యమునందు లెఫ్టినెంటుగా నుండెను. తండ్రికొడుకులిద్దఱును కలిసి చేసిన పనియే మన తెలుగుదేశపు ప్రాగితిహాసమున ముఖ్యఘట్టము.

నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల సమీపమున బిల్లసర్గం అను సున్నపురాతి గుహలున్నవి. వీనిని గూర్చి న్యూబోల్డ్ అను సైనికోద్యోగి 1844లోనే వ్రాసియుండెను. ఐరోపాఖండమున గుహలయందు ఆదిమానవుల ఎముకలును, పనిముట్లును, వారు తినివిడిచిన మృగముల అస్థులును ఒక్కచోట దొరకుచుండిన కాలమది. మన దేశపు గుహలయందును అట్లే దొరకునేమో చూడవలెనని ఇంగ్లాండునందలి ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీగారు ప్రేరేపింపగా, మద్రాసు గవర్నరుగానుండిన గ్రాంట్ డఫ్‌గారు ఆ పనిని ఫుట్‌గారికి అప్పగించిరి. 1884లో ఆయన త్రవ్వకము ప్రారంభించిరి. తమకు వేఱు పనులుండుటచే కుమారుడు హెన్రీ 1885లో దానిని కొనసాగించెను. గుహలకు వారు కెథీడ్రలనియు, చార్నెల్ హౌస్, అనగా అస్థిగృహమనియు పేర్లు పెట్టిరి. నేడు మన విద్యార్థులు విహారయాత్రకు పోవు బెలుం గుహలను గూర్చి తొలుత వ్రాసినవారును ఫుట్‌గారే; అదియు 1884లోనే.

పేర్లు గ్రంథములకెక్కని కూలివారు దీపముల వెలుతురున ఎఱ్ఱమట్టిని పొరపొరగా తీసి, తట్టలతో వెలుపలికి మోసిరి. అందు ఎముకలు రాసులుగా దొరకెను. వానిని లిడెక్కర్ అను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, జింకలు, దుప్పులు, అడవిపందులు, ముండ్లపందులు, కోతులు, దుమ్ములగొండ్లు మొదలుగా అనేక జంతువులను, నేడు ఆ ప్రాంతమున కానరాని ఖడ్గమృగమును కూడ గుర్తించెను. కొన్ని ఎముకలు కోసినట్లును, మొనదేల్చినట్లును ఉండుటచే అవి ఆదిమానవుల పనిముట్లని ఫుట్‌గారు నిర్ణయించిరి. కాని ఆయన అధికముగా కోరిన దొకటి దొరకలేదు. ప్రాచీన శిలాయుగపు చేతిగొడ్డలి ఆ గుహలయందు కనబడలేదు. రాతిపనిముట్ల తోడు లేని ఆ ఎముకలు నిజముగా మానవుడు చేసినవేనా, మృగములు కొఱికి విడిచినవా అని తరువాతివారు కొందఱు సందేహించిరి. ఫుట్‌గారు మరణించునాటికి ఈ సందేహము తీరలేదు.

అది తీరుటకు దాదాపు తొంబది యేండ్లు పట్టినది. 1970 తరువాత ఆచార్య ఎం. ఎల్. కె. మూర్తిగారు ఆ పరిసరములయందే ముచ్చట్ల చింతమాను గవి అను గుహను త్రవ్విరి. అచ్చట ఎముకపనిముట్లు, వానితోకూడ సన్నని రాతిపలుకులు, కాలిన పొయ్యి జాడ, తినివిడిచిన మృగముల ఎముకలు ఒక్కచోటనే దొరకెను. ఆ పొయ్యి సుమారు 17,000 సంవత్సరములనాటిదని తేలినది. ఫుట్‌గారు చూచిన దారి సరియైన దారియే. ఇంతేకాక, జుర్రేరు లోయలో జ్వాలాపురమునొద్ద, 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రాద్వీపమున తోబా అగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు ఎగిరివచ్చి పడిన బూడిద పొర కనబడినది. దానికి క్రిందను, మీదను రాతిపనిముట్లు దొరకినవి. అచ్చటి ఒక రాతిపంచయందు సుమారు 35,000 సంవత్సరములనుండి జనులు వ్రేలి గోరంతటి చిన్నచిన్న రాతిపలుకులు చేయుచుండిరి. ఇట్టి పలుకులను కఱ్ఱకు బంకతో అతికించినయెడల ఈటె మొనయు, అంబు ములికియు, కొడవలి అంచును సిద్ధమగును. ఒకటి విఱిగినచో దానిని మాత్రము మార్చుకొనవచ్చును. చేతిగొడ్డలి పట్టి మృగమును సమీపింపవలసిన మానవుడు, ఈ నేర్పు వలన దూరమునుండి కొట్టగలవాడయ్యెను.

రాళ్లును ఎముకలును చెప్పలేని సంగతులను బ్రదికియున్నవారి వలన నేర్చుకొనవలెను. మూర్తిగారు ఆ గుహవాసుల ఆహారమును ఊహించుటకు నల్లమల చెంచులయు, యానాదులయు వేటపద్ధతులను పరిశీలించిరి. చెంచులు పూర్వము విల్లంబులతో వేటాడుచు, ఉచ్చులు పన్నుచు, కొండకొమ్ములనుండి తేనె దింపుచు, ఇప్పపువ్వును, తునికిపండ్లను, చింతపండును ఏరుచు జీవించిరి. అయితే దినదినపు ఆకలి తీర్చినది వేటమాంసము కాదు. త్రవ్వుకోలతో పెల్లగించిన గడ్డలే. వేట దొరకుట అదృష్టము. గడ్డ దొరకుట తెలివి. ఏ తీగె యెండిన గడ్డ ముదురునో, ఏది ఉడికించక తినగూడదో ఎఱిగినవారిలో స్త్రీలు ముఖ్యులు. కఱ్ఱయు, తీగెయు, తోలును మట్టిలో కుళ్లిపోవును. రాయి మాత్రము నిలుచును. అందుచేత ఆదిమానవుడనగానే ఈటె పట్టిన పురుషుడు మన మనస్సునకు తోచును. గడ్డ త్రవ్విన తల్లి తోచదు. నిజమునకు ఆ తల్లి చేతికోలయే పిల్లలను బ్రదికించినది. చెంచులు మన తోడి పౌరులు. మనము మఱచిన విద్యను నిలుపుకొనినవారు. వారిని హేళన చేయువాడు తన ముత్తాతను హేళన చేయుచున్నాడు.

ఫుట్‌గారి దృష్టి వేటకాలముతో ఆగలేదు. మానవుడు రాతిని చెక్కుట మాత్రమే గాక నూఱి నునుపు చేసిన నవీన శిలాయుగమును కూడ ఆయన శోధించిరి. ఆ కాలపు జనులు క్వార్ట్జైటును విడిచి, గట్టి నల్లరాతిని గ్రహించిరి. షెవరాయ్ కొండలమీద ఇట్టి నునుపురాతి గొడ్డళ్లను జనులు ఏరి గుడులయందుంచి పూజించుట ఆయన చూచిరి. బళ్లారి సమీపమున కుప్‌గల్లు కొండమీద ఈ గొడ్డళ్లు తయారైన గొప్ప కర్మాగారమును పరిశీలించిరి. ఆ సీమలోనే బూడిద దిబ్బలు పెక్కు గలవు. అవి రాక్షసుల చితులని జనులు చెప్పుకొనిరి. నరబలుల శేషములని కొందఱు పండితులు పలికిరి. ఫుట్‌గారు మాత్రము ఆ బూడిద కాలిన పశువుల పేడయే యనియు, ఆ దిబ్బలు పశుపాలకుల నివాసముల గుఱుతులనియు వాదించిరి. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లాయందలి ఉట్నూరులో ఆల్చిన్‌గారు త్రవ్వినప్పుడు పశువుల దొడ్డి చుట్టు నాటిన గుంజల గుంటలును, బూడిద పొరలలో ఆవుల గిట్టల ముద్రలును బయలుపడినవి. వేటాడిన చేయియే పశువును కట్టి మేపుట నేర్చినదని తెలంగాణపు మట్టి ఋజువు చేసినది.

అంతటి పండితుడును ఒక విషయమున పొరబడెను. ప్రాచీన శిలాయుగమునకును నవీన శిలాయుగమునకును నడుమ ఈ దేశము చాలకాలము జనశూన్యముగా నుండెననియు, రెండు కాలముల జనులకు సంబంధము లేదనియు ఆయన తలచిరి. 1930లో కామియాడ్, బర్కిట్ అను వారు నల్లమల ప్రాంతపు పనిముట్లను వరుసగా అమర్చి, నడిమి కాలపు జనుల జాడలను చూపిరి. ముందు చెప్పిన గుహయు, జ్వాలాపురమును ఆ కొఱతను మఱింత పూరించినవి. కాని ఈ పొరపాటును దిద్దుటకు కావలసిన సాధనములను ఇచ్చిపోయినవారు కూడ ఫుట్‌గారే. తాము ఏరిన ప్రతి వస్తువును ఏ ఊర, ఏ నేలమీద, ఏ రూపమున దొరకెనో వ్రాసియుంచుటచే, తరువాతివారు ఆయనతో ఏకీభవింపకున్నను ఆయన సేకరణను ఉపయోగింపగలిగిరి. మాట తప్పు కావచ్చును. లెక్క సరిగా నుంచినవాని శ్రమ వ్యర్థము కాదు.

1891లో ఫుట్‌గారు ప్రభుత్వోద్యోగమునుండి విరమించిరి. పిమ్మట బరోడా, మైసూరు సంస్థానములయందు భూగర్భశాస్త్ర కార్యము చేసిరి. గుజరాతు నదుల గట్లయందును రాతిపనిముట్లను కనుగొనిరి. తుదిదినములను సేలము జిల్లాయందలి యేర్కాడు కొండమీద గడపిరి. నలువది యేండ్లు ఏరిన వస్తువులను అమ్మి దేశాంతరములకు చెదరనీయక ఒక్కచోట నుంచిరి. 1904లో మద్రాసు ప్రభుత్వము వానిని కొని, ఎగ్మూరులోని ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలయందుంచెను. అందు 459 స్థలముల వస్తువులున్నవి. వానిలో 42 ప్రాచీన శిలాయుగపువి, 252 నవీన శిలాయుగపువి. వాని పట్టికను వృద్ధాప్యమున స్వయముగా సిద్ధపఱచిరి. దానిని అచ్చున చూచుభాగ్యము ఆయనకు లేకపోయెను. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన, డెబ్బదియెనిమిదవ యేట, ఆయన పరమపదించిరి. గ్రంథము 1914లో ఒక సంపుటమును, 1916లో మఱియొకటియు వెలువడినవి. యేర్కాడునందలి హోలీ ట్రినిటీ దేవాలయమున ఆయన స్మారకచిహ్నమున్నది.

ఈ చరిత్రము మన బాలబాలికలకేల? వారు నివసించు ఉప్పల్, నాచారము నేడు కర్మాగారములతోను, మేడలతోను, మెట్రో రైలుతోను నిండిన నగరభాగములు. అయినను ఇచ్చటి నేలయు పాతదే. కూతవేటు దూరమున మౌలాలి ప్రాంతమున ఇనుపయుగపు జనుల రాతిసమాధులు ఇరువదవ శతాబ్దపు పూర్వభాగముననే త్రవ్వబడినవి. ఉప్పల్ మార్గమున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయందు 1961నుండి శాస్త్రజ్ఞులు భూమి లోపలి స్వరూపమును పరీక్షించుచున్నారు. తెలిసికొనగోరు విద్యార్థికి గురువులును, గ్రంథములును దగ్గఱనే యున్నారు. కావలసినది పల్లావరపు గుంటయొద్ద ఫుట్‌గారికుండిన చూపు మాత్రమే.

కాని తొందరపడవలసిన కారణమొకటి యున్నది. పల్లావరపు రాయి కంకర త్రవ్వుటవలన బయలుపడినది. అట్టి త్రవ్వకములవలననే ఎన్నియో స్థలములు నశించుచున్నవి. బండలకొఱకు సున్నపురాతి కొండలను కోయుచున్నారు. గుట్టలను పిండి చేసి ఇండ్లస్థలములు చేయుచున్నారు. జ్వాలాపురపు ప్రాచీన భస్మమును సహితము త్రవ్వి అమ్మిరి. పుస్తకము కాలిన మఱియొక ప్రతి అచ్చు వేయవచ్చును. ఒక మట్టిపొర చెదరినచో దానిని మరల పేర్చువారెవ్వరును లేరు. కావున మన విద్యార్థులు సెలవులలో తమ యూళ్లకు పోయినప్పుడు వాగుగట్లను, గుట్ట ప్రక్కలను కన్నులు తెఱచి చూడవలెను. చెక్కినట్లున్న రాయి కనబడినచో దానిని జేబులో వేసికొని రాగూడదు. ఉన్నచోటనే యుంచి, ఊరి పేరును, స్థలపు గుఱుతును వ్రాసికొని, ఉపాధ్యాయులకును, వారి ద్వారా పురావస్తుశాఖవారికిని తెలుపవలెను. చోటు తెలియని రాయి పేరు మఱచిన అనాథ వంటిది. అది ఎవరిని గూర్చియు సాక్ష్యము చెప్పలేదు.

ఫుట్‌గారు రాజ్యములు గెలువలేదు, ధనరాసులు కూర్పలేదు. ఎవరో పేరులేని వేటగాడు ఆకలిగొని చెక్కి, పని తీరిన పిమ్మట పాఱవైచిన రాతిని వంగి యెత్తిరి. ఎత్తి, దానిని చేసినవాడు మనవంటి మనుష్యుడే యని లోకమునకు చెప్పిరి. ఆ వేటగాని చేతికిని మన చేతికిని నడుమ లక్షల సంవత్సరములున్నను, పట్టు ఒక్కటేయని నేడు ఎగ్మూరున ఆ రాళ్లను చూచువారికి తెలియుచున్నది.